దావతుకు ఏం వండాలె? ఫోను చెప్తదా?

శనివారం రాత్రికి నలుగురు దోస్తులను బువ్వకు పిలిచి, బుధవారం నుంచే పరేషాన్ అయితున్నరు మీరు. ఏం వండాలె, ఏం వండాలె అని ఒకటే గుంజాటన. ఫోన్‌ల ఒక గ్రూపు, ఆ గ్రూపుల ఓట్లు. బిర్యానీకి ఇన్ని, పాస్తాకు ఇన్ని. ఒకడు గోధుమ ముట్టడు, ఒకామె పాలు పెరుగు ముట్టదు, ఇంకొకడు పొద్దుగూకినంక గింజ అన్నం తినడు. రాత్రి అన్నం తిననోన్ని రాత్రి బువ్వకు ఎందుకు పిలిచినవురా అని మా మనుమన్ని అడిగితే, "నీకు తెల్వదు తాతా" అన్నడు. తెల్వకనే అడిగిన మరి. ఈ ములుగుల పుట్టి ఈడనే తల నెరిసినోన్ని. ఇంటికొచ్చే మనిషికి ఏం పెట్టాలె అన్నది ఓట్లేసి తేల్చుడు నేను ఎన్నడు సూడలే.

ములుగు అంటే మేడారం దిక్కు ఉన్న ములుగు అనుకునేరు. మాది రాజీవ్ రహదారి మీద, పట్నం నుంచి వస్తే ఒంటిమామిడి దాటినంక తగిలే ములుగు. మొన్న 2016 అక్టోబర్ దాకా మెదక్ జిల్లా, అప్పటిసంది సిద్దిపేట జిల్లా. మీ దోస్తులు ఫోన్‌ల పేరు కొట్టి, అది ఏ ములుగు చూపెడితే ఆ ములుగు తొవ్వ పడుతరు. మా కాలంల సుట్టం తొవ్వ అడుక్కుంట వస్తుండె. అడిగినకాడల్లా ఒక మాట ఆగుతుండె. ఫలానా ఇంటికి మనిషొస్తున్నడు అని సుట్టం కంటే ముందుగాల కబురు ఇల్లు చేరుతుండె. ఆయన కాళ్లు కడుక్కునే యాళ్లకు పొయ్యి మీద ఎసరు మసులుతుండె. గిప్పుడు గేటు ముందట కారాపి, "వచ్చినం, తలుపు తియ్యి" అని ఫోన్ చేస్తరు.

ఇగ వంట సంగతి. అప్పుడు ఏం వండాలెనో కార్తె చెప్తుండె, చెలక చెప్తుండె. ఉగాది దిక్కు చింతచెట్లు చిగురేసినయంటే, వచ్చింది ఎవరైనా చింతచిగురే. పప్పులేస్తే పప్పు, యాటకూరలేస్తే యాటకూర. మిరుగం నాడు చేపలు. చేపలు దొరకని యేడు బెల్లంల ఇంత ఇంగువ పెట్టి మింగి ఊకుంటుండ్రి. వానలు పడ్డంక పుంటికూర. మక్క కంకులు గట్టిపడంగనే మక్క గారెలు, అవి నూనెలకెళ్లి తీసినయి తీసినట్టే అయిపోతుండె, తలెలదాక వచ్చినయి తక్కువ. బతుకమ్మకు సత్తులు, మలీద ముద్దలు. దసరాకు యాట. సంకురాత్రి దిక్కు సకినాలు, పచ్చి అనపగింజల కూర. ఎండకాలం నడుమ సకినాలు కావాలె అన్న పిలగాడు లేడు, అడిగినా పెట్టేటోళ్లు లేరు. ఇయ్యాల ఏ నెలల ఏది కావాలన్నా దొరుకుతది, దొరుకుతదనే మీకు ఏదీ తోచదు. పది కూరల పేర్లు ముందటేసుకుని కూసుంటే ఏ కూర మీదా మనసు నిలువదు కొడుకా.

దోస్తుల దావత్ అంటే ఐతారమే. ఐతారం పొద్దుగాల ఊర్ల యాటను కోస్తుండ్రి. కొన్ని ఇండ్లోళ్లు కలిసి ఒక పొట్టేలును మాట్లాడుకుని, కోసినంక మోదుగాకుల మీద పోగులేస్తుండ్రి. ఆ పోగులేసే మనిషి చెయ్యి చూడవలసిందే. ఒక్కొక్క పోగుల రెండు తొడ ముక్కలు, ఒక నల్లి బొక్క, ఇంత కార్జం, ఇంత బోటి, పైన ఒక కొవ్వు ముక్క. ఒకదాంట్ల ఎక్కువైందనిపిస్తే ఇందులకెళ్లి తీసి అందుల ఏసి, ఎన్కకు జరిగి, కండ్లు చిన్నగ చేసుకుని మల్లొక్కసారి సూస్తుండె. కాంట లేదు, తూకం రాళ్లు లేవు. అయినా ఏ పోగు ఎవరు ఎత్తుకున్నా లొల్లి లేకుండె. తలకాయ, కాళ్లు కావాలన్నోళ్లు ఏరే పైసలు పెట్టుకుంటుండ్రి.

ఆ పోగు ఇంటికి రాంగనే మా అమ్మ దాన్ని సాటల పరిచి ఒక్కసారి సూస్తుండె, అంతే, దావత్ మొత్తం తేలిపోయినట్టు. బోటి ముందుగాల పొయ్యెక్కాలె, అది ఆగది. బొక్కలు దాల్చాలకు పోతయి. మెత్తటి ముక్క కూరకు. కార్జం నిప్పుల మీద కాల్చి ఉప్పు అద్ది మా పిల్లల చేతుల పెడుతుండె, దానితోని మేము పొయ్యి కాడికెళ్లి లేచిపోతుంటిమి. నలుగురు వస్తరనుకుంటే ఎనిమిది మంది దిగిన్రనుకో, గోడ మీద పారిన తీగెకు ఆనిగెపుకాయ ఉండనే ఉన్నది. కోసి, ముక్కలు చేసి, యాటకూరల ఏస్తే గంజు నిండుతుండె, ఆ ఆనిగెపుకాయ ముక్క పులుసు పీల్చుకుని అసలు ముక్కకంటే రుచిగ ఉంటుండె. మీరు ఇయ్యాల మాంసం కొట్టుల నిలబడి బొక్క లేకుండ కొట్టియ్యుమంటరు. బొక్కలల్ల మూలుగ ఉంటది, ఆ మూలుగ దిగితేనే దాల్చా దాల్చా అయితది. కిలో యాటకూర ఎనిమిది వందలు దాటిన కాలంల, సగం రుచిని కొట్టు కాడనే ఇడిసిపెట్టి వస్తున్నరు గదా అని నా బాధ.

బగారన్నం మా దిక్కు దావతులకు ఎప్పటిసందో ఉన్నది. దానికి పెద్ద హంగు అక్కర లేదు. చెక్క, లవంగం, యాలకులు, షాజీర, బిర్యానాకు, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, అల్లం ఎల్లిగడ్డ, ఇంత పుదీన కొత్తిమీర. నూనెల ఇవి వేగినంక ఎసరు పోసి బియ్యం ఏస్తే అయిపాయె. కిలో బియ్యం ఎనిమిది మందికి వస్తది, యాటకూర కిలో అయిదుగురికి. ఈ లెక్క నేర్చుకుంటే మీ గ్రూపుల ఓట్లు సగం తగ్గుతయి. బిర్యానీ మంచిదే, నేను కాదన. గని అది దమ్ము పట్టేదాక ఇంటామె వంటింట్లకెళ్లి ఇవుతలకు రాదు. వచ్చిన దోస్తులతోని ఒక్క ముచ్చట పెట్టదు. బగారన్నం అట్ల మనిషిని కట్టెయ్యది. దావత్‌కు కూర ఎంచేటప్పుడు మా అమ్మ ముందుగాల చూసే సంగతి ఇది. సుట్టం కూసున్నంక పొయ్యి కాడ పని మిగులొద్దు.

ఆ బగారన్నం కూడ మా చిన్నతనంల ఊకె దొరికేది కాదు. మా దిక్కు చెలకలెక్కువ, నీళ్లు తక్కువ. ఇండ్లల్ల దినాం జొన్న గటకనో మక్క గటకనో. వరి బువ్వ పండుగకు, సుట్టానికి. సుట్టాలొస్తే మాకు బువ్వ దొరుకుతుండె కాబట్టి, ఎవరన్న వస్తే మంచిగుండు అని వాకిట్ల నిలబడి తొవ్వ సూస్తుంటిమి. 1983ల ఎన్టీ రామారావు సర్కారు కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చినంక పేదింట్ల సుత దినాం బువ్వ ఉడికింది. బాపట్ల సాంబ మసూరి వచ్చినంక సన్న బువ్వ. గటక ఎన్కకు పోయింది. గిప్పుడు ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరం అన్నంక, మా మనుమడు దోస్తులకు జొన్న రొట్టెను స్పెషల్ అని పెడుతున్నడు. దాని మీద వెన్న, పక్కన ఒక ఆకు పెట్టి ఫొటో. మా నాయిన ఆ రొట్టె తిని చెలకల నాగలి పట్టిండు. ఎవరన్న ఇంటికొస్తే ఆ రొట్టె పెట్టడానికి నామోషీ పడ్డడు. ఆయన బతికుంటే ఏమనునో గని, నేనైతే ఈ ఒక్కదానికి సంతోషపడ్డ.

ఇంత మాట్లాడుతున్న గని, ఒక నిజం దాచి మాట్లాడుడు తప్పు. మా కాలంల ఏం వండాలె అన్న పరేషాన్ లేకపోవుడుకు సగం కారణం ఇంట్ల ఏమీ లేకపోవుడే. కరువు పడ్డ యేడు బాయిలు ఎండుతుండె. గప్పుడు సుట్టం వస్తే పక్కింట్ల గుడ్లు బదులు తెచ్చి పెట్టిన్రు మా వాళ్లు. మా అమ్మ అందరు తిన్నంక, గంజులు గీకి, ఆఖర్న తింటుండె. నీకు ఏ కూర ఇష్టం అని ఆమెను ఎవరు అడగలే, నేను సుత అడగలే. పొగకు ఆమె కండ్లు ఎప్పుడూ ఎర్రగనే ఉండె. మీ ఇండ్లల్ల మొగపిలగాడు ఏప్రాన్ కట్టుకుని పొయ్యి ముందట నిలబడుతున్నడు, అది చూసినప్పుడు నా నోట మాట రాదు, మంచిగనే అనిపిస్తది. ఇంకొకటి. మా దావతులల్ల దోస్తులందరు ఒక్క బంతిల కూసునుడు లేకుండె. కొందరికి వాకిట్లనే ఇస్తరేసిన్రు, కొందరు తమ గిన్నె తామే తెచ్చుకున్నరు. మా మనుమని దోస్తులు ఎవరిది ఏ కులమో వానికే తెల్వదు, ఒక తలెల చేతులు పెట్టి తింటరు. ఆ కాడ మా కాలం మీ కాలం ముందట నిలువది.

నిలువకపోతే ఏమాయె, పచ్చిపులుసు కాడ నిలుస్తది. యాటకూర, బగారన్నం తిన్నంక నోరు మొద్దువారుతది, దానికి మందు పచ్చిపులుసు. పచ్చి మిరపకాయలు నిప్పుల మీద కాల్చాలె, తోలు అక్కడక్కడ నల్లగ బుడగలు రావాలె. గిన్నెల ఉల్లిగడ్డ సన్నగ కోసి, కాలిన మిరపకాయలు, దొడ్డు ఉప్పు ఏసి చేతితోని గట్టిగ పిసుకాలె. ఉల్లిగడ్డ నీరు ఇడువాలె, చెయ్యి మండాలె. గప్పుడు నానబెట్టిన చింతపండు పులుసు పిండి, ఏయించిన నువ్వుల పొడి కలిపి, ఆఖర్న జీలకర్ర, ఎల్లిగడ్డ, కల్యామాకు పోపు. పొయ్యి మీద పెట్టుడు లేదు. మా మనుమరాలు దాన్ని మిక్సీల తిప్పింది. ఉల్లిగడ్డ చేదెక్కింది, పులుసు నురుగొచ్చింది. చేతులు మండుతయని గ్లవుసులు ఏసుకోవచ్చు బిడ్డా, మిక్సీ మాత్రం వద్దు.

కూరగాయల సంగతి చెప్తే నాకు ఇంకా కోపమస్తది. ఒంటిమామిడి కూరగాయల మార్కెట్ మన మండలంలనే ఉన్నది. తెల్లారకముందే మన చుట్టుపక్కల చెలకల కాయ అంత ఆడికి వస్తది, అక్కడికెళ్లి పట్నం పోతది. కొండా లక్ష్మణ్ బాపూజీ పేరు మీద ఉద్యాన విశ్వవిద్యాలయం పెట్టింది మన ములుగులనే. పండ్లు, కూరగాయల చదువు చెప్పే జాగల ఉండి, మీరు శనివారం దావతుకు ప్లాస్టిక్ డబ్బల వచ్చిన ఆకుకూర కొంటరు. మనూరి టమాట పట్నం పోయి, స్టిక్కర్ అంటించుకుని, మల్ల మనింటికే వస్తది. నడుమ రెండు దినాలు వాడిపోయింది, పైసలు పెరిగినయి. పొద్దుగాల ఒక్కసారి మార్కెట్‌కు పోయి నిలబడుర్రి. ఏది లేతగ ఉన్నదో, ఏది ఎక్కువొచ్చిందో కండ్ల ముందట కనిపిస్తది, ఏం వండాలెనో ఆడనే తెలుస్తది.

చేపలు మాత్రం ఇప్పుడు మంచిగ దొరుకుతున్నయి. 2020 మే నెలల కొండపోచమ్మ సాగర్‌కు గోదావరి నీళ్లొచ్చినయి, పదిహేను టీఎంసీల జాగ. మా మండలం మామిడ్యాల, బైలంపూర్ ఊర్లు అందుల మునిగినయి. ఆ ఊర్లల్ల పెండ్లిండ్లకు, పండుగలకు మేము బంతిల కూసున్న వాకిళ్లు ఇప్పుడు నీళ్ల కింద ఉన్నయి. అందుకని ఆ కట్ట మీద నిలబడి మీరు ఫొటోలు దిగుతుంటే నాకు దిగబుద్ధి కాదు.

ఇస్తర్ల సంగతి మరిచేటట్టున్న. మోదుగాకులు తెచ్చి, సన్నటి పుల్లలతోని కుట్టిన ఇస్తరి మీద వేడి బువ్వ ఏస్తే ఆకు వాసన లేస్తుండె. తిన్నంక ఆకు పెంటకుప్పల పడితే ఎరువు. మీరు తెచ్చే తళతళ పేపర్ ప్లేట్లు పులుసుకు మెత్తబడి ఒళ్లో కారుతయి, పారేస్తే ఆ మెరిసే పొర మట్టిల కలువది. సిద్దిపేట దిక్కు స్టీల్ బ్యాంక్ అని పెట్టిన్రు, దావతులకు ప్లాస్టిక్ వద్దని స్టీలు తలెలు, గ్లాసులు, గంజులు ఇస్తరు. ఈ కాలంల పుట్టిన తెలివైన పని ఏదన్న ఉంటే అది అని నేను పది మందికి చెప్తున్న. కడుగుడు కష్టమంటరు మీరు. నలుగురు దోస్తులు తిన్న తలెలు నలుగురు దోస్తులే కడుగుతే ఎంతసేపు?

ఈ శనివారానికి నన్నడిగితే నేను చెప్పే వంట ఇది. ఇవి చింతచిగురు దినాలు. యాటకూరల చింతచిగురు ఏద్దాం, దాని పక్కకు బగారన్నం పెట్టకుర్రి, మసాల మీద మసాల పడి చిగురు రుచి తెల్వదు. తెల్ల బువ్వ ఉండాలె, నెయ్యి ఏసిన ముద్దపప్పు ఉండాలె. పులుపు మీద పులుపు కూడదు, కాబట్టి ఆ నాడు పచ్చిపులుసు బంద్. పల్చటి మజ్జిగ చాలు. పప్పు పొద్దుగాలనే నానబెట్టుర్రి. పెరట్ల చింతచెట్టు చిగురు మీదున్నది, గని అది ఎండ ఎక్కకముందు తెంపాలె, ఎండకు వాడితే కూరల ముద్ద కట్టదు, పీచు తేలుతది. కొమ్మలు పైకి పోయినయి, నా చేతికి అందవు. మీ దోస్తులను రాత్రికి కాదు, పొద్దుగాల ఏడింటికే రమ్మనుర్రి, నిచ్చెన నేను పట్టుకుంట.