క్విక్ లెర్నర్

హైదరాబాద్ అమీర్‌పేటలో, మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో, పొద్దున ఏడింటి స్పోకెన్ ఇంగ్లీషు బ్యాచ్‌లో ఇతను కనిపిస్తాడు. విజయవాడలోనూ కనిపిస్తాడు, ఇంజనీరింగ్ కాలేజీల ప్లేస్‌మెంట్ శిక్షణ తరగతుల్లోనూ కనిపిస్తాడు. పేరు మారుతుంది, ఊరు మారుతుంది, డిగ్రీ మారుతుంది. ప్రతిభలు మాత్రం మారవు. మాస్టారు వేలు చూపించగానే లేస్తాడు. ఎడమచేత్తో బెంచీ అంచు పట్టుకుంటాడు, కుడిచేత్తో చొక్కా కింది బొత్తాం తడుముకుంటాడు, సీలింగ్ ఫ్యాన్ వైపు చూసి, అక్కడేదో రాసి ఉన్నట్టు ఒక్క గుక్కలో అప్పజెప్పేస్తాడు: అయామ్ ఎ హార్డ్ వర్కర్, అయామ్ ఎ క్విక్ లెర్నర్, అయామ్ ఎ టీమ్ ప్లేయర్. హాబీలు పాటలు వినడం, క్రికెట్ ఆడటం. బలహీనత ఏమిటయ్యా అంటే, పట్టుకున్న పని పూర్తయ్యేదాకా నిద్ర పట్టకపోవడం. ఈ సంగతి అతని బ్యాక్‌లాగులకి తెలిస్తే ఆశ్చర్యపోతాయి. ఇతనికి మనం పేరు వెతకక్కర్లేదు. మూడో ఇన్‌స్టిట్యూట్‌లో చేరాక కూడా తనకు తానిచ్చుకున్న బిరుదు వదల్లేదు కాబట్టి క్విక్ లెర్నర్ అనే పిలుద్దాం.

ఇతణ్ని చూసి నవ్వేవాళ్లు, గొప్పలు పోతున్నాడని నవ్వుతారు. ఆ లెక్క తప్పు. ఇంగ్లీషు ముక్కలతో గొప్పలు పోయే మనిషిని తెలుగువాళ్లు ఎప్పుడో చూసేశారు. 1892లో 'కన్యాశుల్కం' విజయనగరంలో తొలిసారి ఆడినప్పుడే గిరీశం చుట్ట పొగతో సహా రంగం మీదికి వచ్చాడు. తాను కోస్తున్నవి కోతలేనని గిరీశానికి బాగా తెలుసు. ఎవరి ముందు ఎంత పొడుగు కోయాలో కూడా తెలుసు. క్విక్ లెర్నర్‌కి ఆ తెలివీ లేదు, ఆ దుర్బుద్ధీ లేదు. గిరీశం లేనిది ఉందని నమ్మించాడు; ఇతను ఉన్నది లేనట్టు మాట్లాడతాడు. నా వాదనంతా ఇంతే: ఇంగ్లీషు నేర్చుకునే వేళ ఇతను తన ప్రతిభని పెంచి చెప్పుకోవడం లేదు, తుడిచేసుకుంటున్నాడు. ముందు వాక్యాలు తయారై వస్తాయి. తర్వాత ఆ వాక్యాల్లో ఇమడని తనలోని భాగాన్నంతా గుమ్మం బయట వదిలి లోపలికి వస్తాడు.

బయట వదిలిందేమిటో చూడాలంటే ఇతణ్ని క్లాసులో కాదు, ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో చూడాలి. మేడమీది ట్యాంకులోకి నీళ్లు ఎక్కట్లేదు. వార్డెన్ ఎలక్ట్రీషియన్‌కి ఫోను మీద ఫోను కొడుతున్నాడు. బకెట్లు వరసలో నిలబడ్డాయి, వాటి వెనక మనుషులు. క్విక్ లెర్నర్ లుంగీ ఎగ్గట్టి మోటారు పక్కన గొంతుక్కూర్చుంటాడు. స్విచ్ వేయమంటాడు, ఒక్క క్షణం విని ఆపేయమంటాడు. గుర్రుమంటోంది గానీ తిరగట్లేదంటే కెపాసిటర్ పోయి ఉండాలి, కాదంటే బేరింగు బిగుసుకుపోయి ఉండాలి. ఫ్యూజు తీయించి, వెనక ఉన్న ఫ్యాను రెక్కని చేత్తో తిప్పి చూస్తాడు. సాఫీగా తిరిగింది, కాబట్టి బేరింగు కాదు. పక్కవీధి కొట్లోంచి కొత్త కెపాసిటర్ తెప్పించి బిగిస్తాడు, ట్యాంకులో నీళ్ల చప్పుడు మొదలవుతుంది. ఇది ఏ క్లాసులోనూ నేర్చింది కాదు. రాత్రిపూట కరెంటు ఇచ్చే వేళకి నాన్న వెంట పొలం వెళ్లి, స్టార్టర్ కొట్టేస్తే ఎందుకు కొట్టేసిందో, మూడు ఫేజుల్లో ఏది రాలేదో టార్చిలైటు వెలుగులో కనిపెట్టి నేర్చింది. లక్షణం విని, రెండు కారణాలు ఊహించి, ఒక పరీక్షతో ఒకదాన్ని కొట్టేసి రెండోదాన్ని పట్టుకోవడం ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీ అయినా జీతమిచ్చి కొనుక్కునే బుద్ధి. మర్నాడు పొద్దున ఏడింటికి మాస్టారు 'వాట్ ఆర్ యువర్ టాలెంట్స్?' అంటే ఇతను ఫ్యాన్ వైపు చూసి 'లిజనింగ్ టు మ్యూజిక్, సర్' అంటాడు.

తన సంగతి ఇలా ఉంటే, పక్కవాళ్ల ప్రతిభ గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు ఇంకా పెద్ద ఘోరం జరుగుతుంది. విదేశీ చదువుకి మనవాళ్లు రాసే ఐఈఎల్‌టీఎస్‌లో స్పీకింగ్ పరీక్ష మొత్తం 11 నుంచి 14 నిమిషాలు. రెండో భాగంలో ఒక కార్డు చేతికిస్తారు. ఆలోచించుకోవడానికి ఒక నిమిషం, మాట్లాడటానికి రెండు నిమిషాల దాకా. మీకు తెలిసినవాళ్లలో ఏదైనా పనిలో నేర్పు ఉన్న మనిషి గురించి చెప్పండి అనేది అలాంటి కార్డుల్లో మామూలే. ఆ ఒక్క నిమిషంలో క్విక్ లెర్నర్ తనకు తెలిసినవాళ్లందరినీ దాటేసి నేరుగా అబ్దుల్ కలాం దగ్గరికి వెళ్లిపోతాడు. బ్యాచ్‌లోని అమ్మాయి సింధు దగ్గరికి వెళ్తుంది: 2016లో రియోలో రజతం, ఆ తర్వాత టోక్యోలో కాంస్యం. ఇద్దరూ మహానుభావులే, కాదనేవాళ్లెవరు? కానీ వాళ్ల గురించి పరీక్షకుడికి కొత్తగా చెప్పడానికి ఇతని దగ్గరేం ఉంది? ఇక సొంత తల్లి వంతు వచ్చేసరికి 'మై మదర్ ఈజ్ ఎ హౌస్‌వైఫ్' అని ఒక్క వాక్యంతో సరి. ఆ తల్లి డ్వాక్రా సంఘం లీడరు. ఎవరి పొదుపు ఎంత, ఎవరి అప్పు ఎంత తీరింది, ఈ నెల కిస్తీ ఎవరు ఎగ్గొట్టబోతున్నారు, ఇవన్నీ పుస్తకం తెరవకుండా చెబుతుంది. ఎండాకాలం ఆవకాయ పెడితే కాయ పులుపు చూసి ఉప్పు, కారం, ఆవపిండి పాళ్లు మారుస్తుంది. ఏడాది తిరిగినా జాడీలో బూజు కనబడదు. ఆర్థికం, లౌక్యం, ఆహార నిల్వ, మూడు శాఖలు ఒంటిచేత్తో నడిపే మనిషిని కొడుకు ఒక్క వాక్యంలో రిటైర్ చేయించేశాడు.

ఈ తుడిచివేత పాఠ్యపుస్తకంతోనే మొదలవుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ల పుస్తకాల్లో మనుషుల శక్తిసామర్థ్యాలు 'కెన్' అనే పాఠంలో వస్తాయి. ఐరోపా మండలి 2001లో ప్రచురించిన భాషా ప్రమాణాలు కూడా నేర్చుకునేవాడి స్థాయిని 'ఏం చేయగలడు' అన్న వాక్యాలతోనే కొలుస్తాయి. ఆలోచన మంచిదే. చిక్కల్లా విదేశాల్లో తయారైన పుస్తకంలోని ఉదాహరణలతో. కెన్ యు ప్లే ది పియానో? నో, ఐ కాంట్. కెన్ యు స్కీ? నో, ఐ కాంట్. కెన్ యు రైడ్ ఎ హార్స్? గుర్రాన్ని పెళ్లి ఊరేగింపులో తప్ప చూడని నల్లగొండ కుర్రాడు మూడో కాంట్ కూడా చెప్పేస్తాడు. ఈత వచ్చా అన్న ప్రశ్న దగ్గర, వ్యవసాయ బావిలోకి గట్టు మీంచి దూకి పెరిగినవాడు కాబట్టి ఎస్ అనబోయి, పుస్తకంలో నీలం రంగు స్విమ్మింగ్ పూల్ బొమ్మ చూసి అనుమానంలో పడతాడు. ప్రతిభల పాఠం చివరికి రానివాటి జాబితాగా ముగుస్తుంది. ఆ ఖాళీలోకి మాస్టారి మోడల్ పేరాగ్రాఫు వచ్చి కూర్చుంటుంది. మాస్టార్నీ అనలేం. యాభైమందికి కలిపి ఆయన చేతిలో ఉన్నది ఒక్క గంట. అందరూ ఒకే పేరా చెబితే తప్పులు దిద్దడం సులువు. ఒకడు కెపాసిటర్ గురించి, ఒకామె నాట్లకి కూలీల ముఠా కట్టడం గురించి మొదలుపెడితే దిద్దడానికి ముందు ఆయన ఆ పని గురించి తెలుసుకోవాలి. అప్పుడు క్విక్ లెర్నర్ కావాల్సింది ఆయన.

పెద్దవాళ్ల అభ్యంతరం ఒకటుంది. సొంత డబ్బా కొట్టుకోవడం మన సంస్కారం కాదు, అందుకే పిల్లవాడు తన నేర్పు చెప్పుకోడానికి మొహమాటపడుతున్నాడు అంటారు. వాళ్ల దగ్గర గట్టి సాక్ష్యమే ఉంది. కర్ణపర్వంలో ధర్మరాజు గాండీవాన్ని తూలనాడాడని, ప్రతిజ్ఞ ప్రకారం అర్జునుడు అన్నని చంపబోతాడు. పెద్దవాణ్ని నిందించడం చంపడంతో సమానమేనని కృష్ణుడు ఉపాయం చెబుతాడు. నిందించిన పాపానికి అర్జునుడు ప్రాణం తీసుకోబోతే, నిన్ను నువ్వు పొగుడుకో, అదీ దానితో సమానమేనని ఇంకో ఉపాయం చెబుతాడు. ఆ లెక్కన ఏడింటి బ్యాచ్‌లో టిఫిన్ వేళకి ఎవరూ మిగలకూడదు. కానీ అదే భారతంలో విరాటపర్వం కూడా ఉంది. అజ్ఞాతవాసం కోసం అన్నదమ్ములు ఒక్కొక్కరే విరటుడి కొలువుకి వచ్చి ఉద్యోగం అడుగుతారు. కంకుభట్టు జూదం తెలుసంటాడు. వలలుడు వంట వచ్చు, మల్లయుద్ధమూ వచ్చు అంటాడు. బృహన్నల ఆటపాటలు నేర్పుతానంటే, దామగ్రంథి గుర్రాల సంగతి, తంత్రీపాలుడు ఆవుల సంగతి చెబుతారు. హార్డ్ వర్కర్‌నని ఒక్కరూ అనలేదు. పేర్లు దాచుకున్నారు గానీ నేర్పు దాచుకోలేదు. మన క్విక్ లెర్నర్ పేరు, తండ్రి పేరు, ఊరు, మండలం, జిల్లా వరుసగా చెప్పి నేర్పు ఒక్కటీ దాచుకుంటాడు. ఆ పర్వంలోనే అంతఃపురం ఆడవాళ్ల ముందు కౌరవ సేననంతా ఊడ్చేస్తానన్న ఉత్తరకుమారుడూ ఉన్నాడు. తమ గురించి అన్నదమ్ములూ మాట్లాడారు, ఇతనూ మాట్లాడాడు. వాళ్లు చేతనైన పని పేరు చెప్పారు, ఇతను విశేషణాలు చెప్పాడు. సంస్కారం తేడా అక్కడుంది.

వ్యవహారం తెలిసినవాళ్లు ఇంకోటంటారు: ఉద్యోగమిచ్చేది సాఫ్ట్‌వేర్ కంపెనీ, నీళ్ల మోటారు గొడవ హెచ్‌ఆర్‌కి దేనికి? హెచ్‌ఆర్ కుర్చీలో కూర్చున్న మనిషి వైపు నుంచి చూడండి. భోజనాల వేళకి ఆయన దగ్గర పాతికమంది హార్డ్ వర్కర్లు పోగుపడి ఉంటారు. వాళ్లలో ఎవరిని తీసుకోవాలో చెప్పే ముక్క ఒక్కటీ ఉండదు. ఆ తర్వాత ఒకడొచ్చి తప్పులతడక ఇంగ్లీషులోనే 'మోటర్ సౌండ్ కమింగ్ సర్, రొటేషన్ నాట్ కమింగ్' అని మొదలుపెడితే ఆయన పెన్ను కింద పెట్టి 'దెన్?' అంటాడు. ఆ మాట ఆయన నోట అనిపించగలిగితే సగం ఇంటర్వ్యూ అయిపోయినట్టే. అంత మాట్లాడటానికి మాటలెక్కడివి అంటారా? మోటారు, స్టార్టర్, ఫేజు, ఫ్యూజు, వైండింగు, బేరింగు: ఇతను తడుముకోకుండా, ఉన్న అర్థంలోనే వాడే ఇంగ్లీషంతా ఆ పనిలోంచి వచ్చిందే. వాటిని కలిపే క్రియలు నేర్పమనే కదా ఫీజు కట్టింది!

అన్నిటికన్నా బలమున్నది భయం గురించిన అభ్యంతరం. పల్లెబడిలో తెలుగులో చదువుకుని, పట్నంలో నలుగురి ముందు మొదటిసారి నోరు విప్పేవాడికి బట్టీ పట్టిన ఆ నాలుగు వాక్యాలే ధైర్యం. బెదురు ఉన్నంతకాలం భాష లోపలికి దిగదని భాషాశాస్త్రవేత్త స్టీఫెన్ క్రాషెన్ 1980ల్లోనే చెప్పాడు. ఒప్పుకుంటాను. మొదటి వారం అందరూ హార్డ్ వర్కర్లుగానే ఉండనివ్వండి. కానీ బట్టీ ధైర్యానికి ఆయుష్షు తక్కువ. మధ్యలో ఒక ముక్క జారితే మిగతాదంతా దాని వెంటే పోతుంది, ఫ్యాన్ వైపు ఎంతసేపు చూసినా తిరిగి రాదు. సొంతంగా చేసిన పనికి ఆ బాధ లేదు. స్విచ్ వేసింది ముందు, ఫ్యూజు తీసింది తర్వాత. ఆ వరస మర్చిపోయేది కాదు. పైగా ఆ విషయంలో ఎదుటివాడి కన్నా తనకే ఎక్కువ తెలుసు. బెదురు తీరడానికి అంతకన్నా మందేముంది?

అయితే ప్రతిభని కనిపెట్టడం ఎలా? అడిగితే ఇతను చెప్పడు, ఎందుకంటే ఇతనికే తెలియదు. అలవోకగా చేతనయ్యే పనిని ఎవరూ ప్రతిభ అనుకోరు, అందరికీ వచ్చేదేలే అనుకుంటారు. కాబట్టి 'నీ టాలెంట్ ఏమిటి' అన్న ప్రశ్న దండగ. 'నిన్ను ఎవరు, ఏ పనికి పిలుస్తారు?' అని అడగాలి. పెళ్లి భోజనాల్లో వడ్డన ఎవరికి అప్పగిస్తారు, గట్టు తగాదా వస్తే రెండు పక్షాలూ ఎవరి దగ్గరికి వస్తాయి, బతుకమ్మ వంకర పోకుండా ఎత్తుగా పేర్చాలంటే వాడకట్టులో ఎవరి కోసం కబురు పెడతారు? పిలుపు వచ్చిందంటే ఊరు పరీక్ష పెట్టి మార్కులు కూడా వేసేసిందన్నమాట. నన్నెవరూ దేనికీ పిలవరే అనేవాడు కూడా దిగులుపడక్కర్లేదు. ఫలానా పనికి నన్ను పిలవడం ఎందుకు మానేశారంటే అని మొదలుపెట్టాడంటే, ఆ రోజు బ్యాచ్ మొత్తంలో చెవులప్పగించి వినేది వాడి ఇంగ్లీషే.

ఈ ప్రశ్నతోనూ ఒక ప్రమాదం లేకపోలేదు. ఏదైనా ఇన్‌స్టిట్యూట్ దీన్ని మొదలుపెట్టిందా, నెల తిరక్కుండా మోటారు రిపేరు మీద మోడల్ పేరాగ్రాఫు జిరాక్సులు తయారవుతాయి. మోటారు మొహం ఎరగనివాళ్లు కూడా కెపాసిటర్లు మార్చేస్తారు. దీనికి విరుగుడు మన అష్టావధానంలో ఉంది. నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు అవధాని వేయబోయే ఒక్కో అక్షరానికీ అడ్డుపడుతుంటాడు. అప్రస్తుత ప్రసంగం చేసేవాడు మధ్యమధ్య దూరి తిక్క ప్రశ్నలు వేస్తుంటాడు. పద్యం ఇంటి దగ్గర రాసుకొచ్చి గట్టెక్కే దారి లేదు. అవధానాల్లో తిరుపతి వెంకట కవులు అంత ధీమాగా తమ గొప్ప తాము చెప్పుకున్నా జనం ఒప్పుకున్నారంటే ఎదుట పృచ్ఛకులు ఉన్నందుకే. ఏడింటి బ్యాచ్‌కి కొరతగా ఉన్నదీ వాళ్లే. ఏ మోటారు, ఎన్ని హెచ్‌పీ, బేరింగు కాదని ఎలా తెలిసింది అని ఎదురడిగితే నాలుగో ప్రశ్నకల్లా ఎవడు హార్డ్ వర్కరో వాడు చెప్పకుండానే తెలిసిపోతుంది. ఒకడు మాట్లాడుతుంటే మిగతా నలభై తొమ్మిదిమందికీ ఆ అడిగే పని అప్పగించాలి. వై, హౌ, దెన్ అనే మూడు మాటలు రావడానికి మూడు ఇన్‌స్టిట్యూట్‌లు తిరగక్కర్లేదు.