కణదుర్గ విజయము

ప్రొద్దుటూరులో బంగారాన్ని గురిగింజ ఎత్తు దాకా తూచే త్రాసులున్నాయి గానీ ఈ కావ్యనాయకుణ్ణి తూచే త్రాసు లేదు. నల్లరేగడిలో పత్తిచెట్టు, చెట్టున ఆకు, ఆకులో కణం, ఆ కణపు నడిమింట కొలువుదీరిన శ్రీశ్రీశ్రీ రెట్రోట్రాన్స్‌పోజాన్ మహారాజులుంగారు! రాజ్యకాంక్షలో ఆయన తరువాతే ఎవరైనా. మన పాత ప్రపంచపు పత్తి వంశానికి జన్యురాశి అమెరికా ఖండపు ఒక దాయాది పత్తికి దాదాపు రెట్టింపు. ఆ బలుపులో సింహభాగం ఈయనగారి సంతానమే. తాను గద్దె దిగడు. ఆర్ఎన్ఏ నకలు రాయించి, దాన్ని మళ్లీ డీఎన్ఏగా తిరగరాయించి, ఇంకో గద్దె మీద కూర్చోబెడతాడు. (మెక్‌క్లింటాక్ మొక్కజొన్నలో చూసిన గెంతుడు జన్యువులు ఉన్నచోటు వదిలి లేచిపోయే రకం. ఆ శాఖ వేరు, కలపకండి.)

ఇక ప్రతినాయకుడు. జమ్మలమడుగు చేలల్లో మంద కట్టిన గొర్రెల పూర్వీకుల మీదికి లక్షల ఏళ్ల కిందటే దండెత్తిన రెట్రోవైరస్! ఆజానుబాహువు, ఒడ్డూ పొడుగూ మిల్లీమీటరులో పదివేలో వంతు. పెన్నా లోయ మీది గండికోటను పట్టడానికి 1650లో మీర్ జుమ్లాకు ఫిరంగులు కావలసి వచ్చాయి. ఈయన తలుపు తట్టాడు, కణమే తీసింది.

వీరులిద్దరూ ఎదురుపడగానే ధనుష్టంకారాలు మోగాలి కదా. మోగవు. కత్తులు దించి వంశవృక్షాలు తీస్తారు. తలకూ పాదానికీ ఒకే కిరీటం, అంటే రెండు కొసలా ఒకే డీఎన్ఏ వరుస. నడుమ గ్యాగ్, పోల్ జన్యువులు. తిరగరాసే కలం, కోసి అతికించే కత్తి. కూర్చున్నచోట ఇరుపక్కలా ఇంటివాళ్ల డీఎన్ఏ అక్షరాలు నాలుగో అయిదో జంటపడటం కూడా అచ్చం అదే! ఆ కలాన్ని టెమిన్, బాల్టిమోర్ 1970లో వైరస్‌లలో పట్టుకున్నారు. 1985లో బోకె, ఫింక్‌ల బృందం ఈస్టులోని గెంతుడు మూలకమూ ఆర్ఎన్ఏ దారినే నడుస్తుందని చూపింది. తేడా ఒక్క అంగీలోనే: ఊరు దాటడానికి వైరస్ తొడుక్కునేది, ఎన్వ్ జన్యువు నేసేది. అది చిరిగిందా, వైరస్ ఇల్లరికపుటల్లుడే.

గొర్రెలో కొందరు అంగీ చిరగకుండానే ఇల్లరికం వచ్చారు. జాగ్‌సీక్టె అనే గొర్రెల రెట్రోవైరస్ వంశపు నకళ్లు దాని జన్యురాశిలో కనీసం 27. బయట తిరిగే తమ్ముడు నేటికీ ఊపిరితిత్తుల్లో కంతి పెంచుతుంటే, లోపలివాళ్లు మావి కట్టే పనిలో ఉన్నారు. 2006లో పరిశోధకులు చూడి గొర్రెల గర్భసంచిలో ఆ అంగీ నేతను ఆపితే పిండాలు నిలవలేదు. దండెత్తి వచ్చినవాడు మంత్రసాని అయ్యాడు! ఇంత కల్పనకు ఏ ప్రబంధకవీ సాహసించి ఉండడు.

పులివెందుల చీనీతోటల్లో మాత్రం నాయకుడికి భంగపాటు. చీనీ జాతికే చెందిన సిసిలీ ఎర్రనారింజలో ఈ కులపువాడే ఒకడు రూబీ అనే జన్యువు గడప మీద కూర్చుని గుజ్జుకు నెత్తుటి రంగు పూస్తున్నాడు. మన చీనీలో ఆ గడప తొక్కలేదు. తొక్కినా, చలి తగలందే ఆ రంగు తేలదు. కడప ఎండల్లో మహారాజు పప్పులుడకవు.