తద్దినానికొచ్చి గారెలు మెచ్చుకున్నవారు

2012 జనవరిలో లివర్‌పూల్‌లోని ఒక సినిమా హాల్లో కొందరు ప్రేక్షకులు కౌంటర్ దగ్గరికి వెళ్లి టికెట్ డబ్బులు వెనక్కి ఇమ్మన్నారు. ఫిర్యాదు సూటిగా ఉంది: తెరమీద ఎవరూ మాట్లాడడం లేదు. ఆ సినిమా ‘ది ఆర్టిస్ట్’. మిషెల్ హజానావిసియుస్ తీసిన ఫ్రెంచి సినిమా. నలుపు తెలుపు, పైగా మూకీ. వార్త పత్రికలకెక్కగానే నాగరిక ప్రపంచం పొట్ట పట్టుకుని నవ్వింది. మూకీకి వెళ్లి మాటలేవని అడుగుతారా, ఎంత మోటు మనుషులు!

నేను మాత్రం ఆ మోటు మనుషుల పక్షం. ఆ సినిమా మీద లోకం వెలిబుచ్చిన అభిప్రాయాల్లో కల్తీ లేనిది అదొక్కటే. మూకీ అంటే ఏమిటో వాళ్లకు తెలియదు, చూస్తే నచ్చలేదు, ఆ రెండూ దాచుకోలేదు. మిగతావాళ్లలో చాలామందికీ తెలియదు. కాకపోతే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

కథ తెలిసిందే. జార్జ్ వాలెంటిన్ అనే మూకీల హీరో 1927లో ఒక వెలుగు వెలుగుతుంటాడు. టాకీలు రాగానే దుకాణం కట్టేస్తాడు. అతని చలవతో పైకొచ్చిన పెపీ మిల్లర్ అనే పిల్ల టాకీల తార అయి కూర్చుంటుంది. 2011 మేలో కాన్ ఉత్సవంలో వాలెంటిన్ వేషం వేసిన జాఁ దుజార్దాఁకి ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. మరుసటి ఏడాది పది ఆస్కార్ నామినేషన్లు, అందులో ఐదు గెలుపులు. ఇక అక్కణ్ణుంచి మొదలైంది ప్రేక్షకుల పూనకం. సినిమాను ప్రేమించేవాడెవడైనా ఈ సినిమాను ప్రేమించి తీరాలట. అభిప్రాయంలా కనిపిస్తుంది గానీ, విన్నవాడికి బెదిరింపే. నచ్చలేదన్నావో, నీకు సినిమా మీదే ప్రేమ లేదని తేలిపోతుంది.

దర్శకుడితో నాకు తగవేమీ లేదు. ఆయన మూకీల మేటి దర్శకుడు మూర్నో సినిమాలు కళ్లకద్దుకుని చూసొచ్చిన మనిషి. తెలిసి చేసిన తద్దినం అది, మంత్రం తప్పలేదు. నా తగవంతా భోక్తలతో. పోయినాయన ఎవరో తెలియదు, పేరు అడగలేదు, ఫొటో వైపు చూడలేదు. గారెలు మాత్రం కరకరలాడుతున్నాయని మెచ్చుకుని, బయటికొచ్చి ఆయనతో తమకు ఎంత చనువో చెబుతున్నారు.

మా కాలనీలో ఒకాయన ఆ కోవలోవాడే. ‘ది ఆర్టిస్ట్’ చూసిన దగ్గర్నుంచి మూకీల స్వర్ణయుగం గురించి పార్కు బెంచీ మీద ప్రసంగిస్తూనే ఉన్నాడు. ఉండబట్టలేక అడిగాను, “ఏమండీ, బస్టర్ కీటన్ సినిమా ఏదైనా చూశారా?” అని. “యూట్యూబ్‌లో ఉన్నాయిగా, చూడొచ్చు” అన్నాడు. చూడొచ్చు! ఇంటి పక్కనే గుడి ఉందిగా, వెళ్లొచ్చు అన్నట్టే.

అన్నిటికంటే ఎక్కువగా వినబడిన మెచ్చుకోలు, ఆ మౌనం మమ్మల్ని కదిలించింది అని. ఏ మౌనం? బ్రస్సెల్స్ ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందం ఆ నూరు నిమిషాల్లో ఊపిరి పీల్చుకున్న క్షణాలు బహు తక్కువ. మూకీల కాలంలోనైనా మౌనం ఎక్కడేడ్చింది? చిన్న హాలైతే పియానో, పెద్ద హాలైతే వాద్యబృందం, రెండూ లేకపోతే జనం గోల. ఇంకొందరు సినిమాలో ఒక్క మాట కూడా లేదని పరవశించారు. వాళ్లు చివరిదాకా కూర్చోలేదని అక్కడే దొరికిపోయారు. ఆఖరి సన్నివేశంలో నాట్యం ముగిశాక “కట్” వినిపిస్తుంది, ఇంకోసారి చేస్తారా అని అడుగుతారు, వాలెంటిన్ ఫ్రెంచి యాసలో సంతోషంగా ఒప్పుకుంటాడు. ఆ యాస వినగానే ఇన్నాళ్లూ ఆయన నోరెందుకు విప్పలేదో అర్థమవుతుంది. సినిమా మొత్తానికి తాళంచెవి లాంటి ఆ ముక్కను వదిలేసి, మౌనానికి మంగళహారతి పట్టారు.

పాతకాలపు పద్ధతిలోనే తీశారన్నది మరో పాట. తీసింది కలర్ ఫిల్మ్ మీద. రంగులు తర్వాత పిండేశారు. కదలిక కాస్త చురుగ్గా కనిపించాలని సెకనుకు 22 ఫ్రేముల వేగంతో తీసి 24తో చూపించారు. ఇందులో తప్పేమీ లేదు, చక్కటి పనితనం. కానీ పనితనాన్ని మెచ్చుకోవడానికి అది పనితనమని తెలియాలి కదా.

ఇక అసలు పండుగ, గుర్తుపట్టే పోటీ. హాల్లోంచి బయటికొస్తూనే లెక్కలు. ఆ టిఫిను బల్ల సన్నివేశం, మొగుడూ పెళ్లాలు రోజురోజుకీ ఎడమైపోయేది, ‘సిటిజన్ కేన్’ నుంచి కదూ? కథ ‘సింగిన్ ఇన్ ద రెయిన్’ కదూ? వాడు మునగడం, అది తేలడం ‘ఎ స్టార్ ఈజ్ బార్న్’ కదూ? భేష్, నూటికి నూరు. ఇప్పుడు ఆ సంవత్సరాలు చూడండి. 1941, 1952, 1937. మూడూ టాకీలే. మూకీలకు నివాళి అని టికెట్ కొనుక్కుని, గుర్తుపట్టినవన్నీ నోరున్న సినిమాలు. మూకీ ఒక్కటి ఎదురుగా వచ్చి నిలబడితే మాత్రం పట్టుకోలేకపోయారు. వాలెంటిన్ ఇంట్లో కూర్చుని తన పాత కత్తియుద్ధాల సినిమా వేసుకుంటాడు చూశారా? అందులో గోడలు దూకేవాడు డగ్లస్ ఫెయిర్‌బాంక్స్. 1920 నాటి ‘ది మార్క్ ఆఫ్ జోరో’ ముక్కలు తెచ్చి, మొహం దగ్గరికొచ్చినప్పుడు మాత్రం దుజార్దాఁని అతికించారు. దుజార్దాఁ ఎంత చులాగ్గా గెంతాడో అని మెచ్చుకున్నవాళ్లు నాకు తెలుసు. ఫెయిర్‌బాంక్స్ 1939లో పోయాడు కాబట్టి నొచ్చుకోలేదు.

కన్నీళ్ల సంగతి ఇంకా తమాషా. క్లైమాక్సులో వాలెంటిన్ పిస్తోలు తీస్తాడు, పెపీ కారు నడపడం రాకపోయినా నడుపుకుంటూ దూసుకొస్తుంటుంది. అప్పుడు గుండెను మెలితిప్పే సంగీతం వస్తుంది. జనం ఏడ్చారు, మూకీల మహిమ అన్నారు. ఆ సంగీతం బెర్నార్డ్ హెర్మన్ 1958లో హిచ్‌కాక్ ‘వెర్టిగో’ కోసం కట్టింది. 1930ల మొదట్లో జరిగే కథలోకి పాతికేళ్ల తర్వాతి స్వరాలు వచ్చి ఏడిపించి వెళ్లాయి. ‘వెర్టిగో’ నాయిక కిమ్ నొవాక్ ‘వెరైటీ’ పత్రికలో ప్రకటన వేయించి మరీ మండిపడింది. ఆవిడ వాడింది అనకూడనంత పెద్ద మాట, దానికి తిట్లూ తింది. కనీసం ఆ స్వరాలు ఎవరివో ఆవిడకు తెలుసు. పద్ధతి ప్రకారం అనుమతి తీసుకున్నారు, పేరు వేశారు, అదంతా సక్రమమే. ‘ది ఆర్టిస్ట్’ సంగీతానికి లుదోవిక్ బూర్స్ ఆస్కార్ అందుకున్నాడు. హెర్మన్‌కి ‘వెర్టిగో’ ఏడాదిన నామినేషన్ కూడా దక్కలేదు. ఇది తెలిసి ఏడిస్తే కాస్త అర్థముండేది.

సినిమాలో వాలెంటిన్ వెంట ఉండే కుక్క గురించి రెండు ముక్కలు చాలు. అగ్గీ అనే ఆ జాక్ రస్సెల్ జాతి కుక్క కాన్‌లో కుక్కల కోసం పెట్టిన బహుమతి గెలిచింది, 2012లో హాలీవుడ్‌లో సిమెంటు మీద పంజా ముద్ర కూడా వేసింది. ప్రపంచ సినిమా చరిత్రకు నివాళి అన్న సినిమాలో చాలామందికి ఈనాటికీ గుర్తున్నది కుక్కే. అది మాత్రం తనకు చరిత్ర తెలుసని ఎక్కడా చెప్పుకోలేదు.

హాలంతా ఉలిక్కిపడే సన్నివేశం ఒకటుంది. తాగిన మైకంలో వాలెంటిన్ తన రీళ్లన్నీ నేలమీద పడేసి అగ్గిపుల్ల గీస్తాడు. అయ్యయ్యో అన్నారందరూ. నిజం రీళ్లకు అంతమంది అయ్యయ్యో అనలేదు. ఆ కాలపు రీళ్లు నైట్రేట్ ఫిల్మ్, దానంతటదే అంటుకునే రకం. 1937లో న్యూజెర్సీలోని లిటిల్ ఫెర్రీలో ఫాక్స్ కంపెనీ గోదాము తగలబడి, ఆ స్టూడియో మూకీల్లో అధికభాగం ఒక్క రోజులో పొగైపోయింది. మంటలకు చిక్కని వాటిని స్టూడియోలే పారేశాయి. టాకీలొచ్చాక వాటికి విలువేముంది, చోటు దండగ! 2013లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ లెక్క తీయించింది. 1912 నుంచి 1929 దాకా అక్కడ విడుదలైన దాదాపు 11,000 పెద్ద మూకీల్లో పూర్తిగా పోయినవి 70 శాతం. మొదట వచ్చిన రూపంలోనే నిలిచినవి 14 శాతం. మన ఇంట్లోనూ అంతే. రఘుపతి వెంకయ్య, ఆయన కొడుకు ప్రకాశ్ తీసిన మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’ మనకు మిగల్లేదు. వాలెంటిన్ రీళ్ల కోసం కంటనీరు పెట్టుకున్న తెలుగువాడికి ఆ పేరు చెప్పి చూడండి, ఏ ఓటీటీలో ఉందని అడుగుతాడు.

సొంత ఇంటి సంగతి మరిచినవాళ్లు ఫ్రెంచివాళ్లలోనూ ఉన్నారు. 1895 డిసెంబర్ 28న పారిస్‌లో లూమియేర్ సోదరులు డబ్బులకు బొమ్మ చూపించిన దేశం వాళ్లది. తొలినాళ్ల దర్శకుడు మెలియెస్ వాళ్లవాడు, మూకీల హాస్యనటుడు మాక్స్ లిండర్ వాళ్లవాడు. అయినా నివాళి కట్టింది హాలీవుడ్‌కి, షూటింగ్ లాస్ ఏంజెలెస్‌లో, తెరమీద అక్షరాలు ఇంగ్లీషులో. ‘ది ఆర్టిస్ట్’ వచ్చిన ఏడాదే అమెరికావాడు మార్టిన్ స్కోర్సెసీ ‘హ్యూగో’ తీసి మెలియెస్‌కి దండ వేశాడు. 1923లో తన నెగటివ్‌లు తానే కాల్చేసుకుని, తర్వాత మోంపర్నాస్ రైల్వే స్టేషన్లో బొమ్మల కొట్టు పెట్టుకున్న మనిషి మెలియెస్. రెండు సినిమాలకీ ఒకే రాత్రి చెరి ఐదు ఆస్కార్లు. ఎవరి తాతకు వాళ్లు పెట్టకుండా ఒకరి తాతకు ఒకరు పెట్టుకున్నారు, భోక్తలు రెండు చోట్లా తిన్నారు.

ముక్కు విరిచినవాళ్లను వదిలేస్తే పక్షపాతమవుతుంది. వాళ్లది ఇంకో రకం జబ్బు. ఇదంతా అనుకరణ, అసలైనవి చూసుకోండి అంటారు. సరే బాబూ, ఏది చూడమంటావంటే ‘సింగిన్ ఇన్ ద రెయిన్’ అంటారు. అది రంగుల టాకీ. పైగా మూకీ తారలను గర్విష్ఠులుగా, గొంతు బాగాలేనివాళ్లుగా చూపించి నవ్వించిన సినిమా. మూకీల గౌరవం కాపాడమని దానికి అప్పగించడం బాగుంది!

మాటల్లేని సినిమా చూడడం తెలుగువాడికి ఏనాడూ ఘనకార్యం కాలేదన్నది ఇక్కడ చెప్పాలి. 1987లో సింగీతం శ్రీనివాసరావు ‘పుష్పక విమానం’ వచ్చింది. కమల్ హాసన్, అమల, ఆద్యంతం ఒక్క డైలాగు లేదు. జనం పిల్లలతో వెళ్లి పగలబడి నవ్వి, ఇంటికొచ్చి అన్నం తిన్నారు. తాము ఒక కళాఖండాన్ని తట్టుకున్నామని ఎవరూ విర్రవీగలేదు. చివరిదాకా మాటలు రాలేదన్న సంగతి ఇంటికి చేరాక గుర్తొచ్చినవాళ్లూ ఉన్నారు.

అందుకని నాదొక ప్రతిపాదన. వాలెంటిన్ కథ మొదలయ్యే 1927లోనే ఆబెల్ గాన్స్ ‘నెపోలియన్’ అనే మూకీ తీశాడు. చివరికొచ్చేసరికి తెర చాలక పక్కపక్కన మూడు తెరలు పెట్టాడు. సినెమాతెక్ ఫ్రాన్సేజ్ అనే ఫ్రెంచి సినిమా భాండాగారం ఏళ్లతరబడి ముక్కలు ఏరి, 2024 జులైలో పారిస్ శివార్లలో దాన్ని మళ్లీ ప్రదర్శించింది. నిడివి సుమారు ఏడు గంటలు. మూకీలంటే ప్రాణం అన్న ప్రతివాణ్ణీ తీసుకెళ్లి అందులో కూర్చోబెట్టాలి. అగ్గీ ఉండదు, చివర్లో ఎవరూ నోరు విప్పరు. ఫోన్లు గుమ్మం దగ్గరే తీసుకోవాలి. రెండో గంటలో కౌంటర్ తెరిచి, లివర్‌పూల్ వాళ్లలా నిజం ఒప్పుకున్నవాళ్లకు టికెట్ డబ్బులు పూర్తిగా తిరిగివ్వాలి. బాగుంది, బాగుంది అంటూ వాచీ చూసుకునేవాళ్ల దగ్గర మాత్రం ఇంకో టికెట్ డబ్బులు వసూలు చేయాలి. ఆ డబ్బు ఎక్కడో గోదాముల్లో జిగురెక్కి పాడవుతున్న రీళ్లను బాగుచేసేవాళ్లకు పంపితే, మా కాలనీ పెద్దమనిషి ఒక్కడి చందాతోనే రెండు రీళ్లు గట్టెక్కుతాయని నా అంచనా.