సంతకం సగం, ఫొటో సగం

మీ కాలేజీలో మొదటి అంతస్తు చివర ‘ఇండస్ట్రీ–ఇన్‌స్టిట్యూట్ ఇంటరాక్షన్ సెల్’ అని ఒక బోర్డు ఉంటుంది. ఆ గదికి తాళం వేసి ఉంటుంది. ఈ నెల నుంచి ఆ తాళంచెవి మీ చేతికొచ్చిందా? అయితే శుభాకాంక్షలు. జీతం ఒక్క రూపాయి పెరగదు గానీ వారానికి రెండు క్లాసులు తగ్గుతాయి కాబట్టి మొత్తమ్మీద లాభమే. చదువుకూ పరిశ్రమకూ మధ్య వారధి కట్టమని కరస్పాండెంట్ గారు స్టాఫ్ మీటింగులో చెప్పే ఉంటారు. కంగారు పడకండి. వారధి అక్కర్లేదు, శంకుస్థాపన చాలు. ఈ చిట్కాలు పాటించండి. ఐదేళ్లు తిరిగేసరికి మీ ఫైల్లో నలభై ఒప్పందాలుంటాయి. ఆ నలభై కంపెనీల్లో మీ పిల్లల మొహం తెలిసినవాడు ఒక్కడూ ఉండడు.

1. ముందు ఎంవోయూ చేసుకోండి. ఎందుకన్నది తర్వాత చూడొచ్చు.

పెద్ద కంపెనీల జోలికి పోకండి. వాళ్లకు లీగల్ డిపార్ట్‌మెంట్ ఉంటుంది. అందులో కూర్చున్నవాళ్లు కాగితం చదువుతారు. చదివి, “మీరేం చేస్తారు, మేమేం చెయ్యాలి, ఎంతమంది పిల్లలు, ఏ తేదీ నుంచి?” అని అడుగుతారు. అంత చాదస్తంతో వేగలేం. కూకట్‌పల్లిలో రెండు గదులు అద్దెకు తీసుకుని నడుపుతున్న మీ పాత విద్యార్థి ఎవరైనా ఉంటాడు, అతన్ని పట్టుకోండి. కంపెనీ పేరులో ‘గ్లోబల్’ ఉంటే మంచిది, చివర ‘సొల్యూషన్స్’ కూడా ఉంటే మరీ మంచిది.

వంద రూపాయల స్టాంపు పేపరు తెప్పించండి. మ్యాటర్ కొత్తగా రాయొద్దు. పాత ఎంవోయూ తీసి కంపెనీ పేరు మార్చండి. ఏడో పేరాలో పాత కంపెనీ పేరు అలాగే ఉండిపోతుంది. ఉండనివ్వండి, ఏడో పేరా దాకా చదివిన మనిషి ఇంతవరకూ పుట్టలేదు. ‘పరస్పర ప్రయోజనం’, ‘విజ్ఞాన మార్పిడి’, ‘నైపుణ్యాభివృద్ధి’ అనే మాటలు పేరాకొకటి చొప్పున చల్లండి. అంకె మాత్రం ఒక్కటి కూడా పడకూడదు. మన లెక్క ప్రకారం ఎంవోయూ అంటే తాంబూలాలు పుచ్చుకోవడం. ముహూర్తం పెట్టమని ఎవరూ అడగనంత కాలం రెండు వైపులా మర్యాద నిలుస్తుంది.

2. సంతకాల రోజున ఒళ్లు దాచుకోకండి. ఏడాదంతటికీ మీరు చేయాల్సిన పని ఆ ఒక్క రోజే ఉంటుంది.

టేబుల్ మీద నీలం శాటిన్ గుడ్డ పరిపించండి. రెండు రెగ్జిన్ ఫోల్డర్లు, రెండు పెన్నులు, మినీ వాటర్ బాటిళ్లు పెట్టించండి. వెనక ఫ్లెక్సీలో చైర్మన్ గారి ఫొటో పెద్దది, కంపెనీ లోగో చిన్నది. లోగో గూగుల్‌లోంచి దించిందే అయ్యుంటుంది, కాబట్టి కాస్త అలికినట్టు పడుతుంది. వెనక వరస నుంచి కనబడదు లెండి. సంతకాలయ్యాక ఫోల్డర్లు మార్చుకునేటప్పుడు ఇద్దరూ కెమెరా వైపే చూడాలి. కొందరు అమాయకులు ఫోల్డర్ వైపు చూస్తారు, ఫొటో పాడవుతుంది.

ఫొటో మామూలు కెమెరాతో తియ్యకండి. కాలేజీలకు గుర్తింపునిచ్చే న్యాక్ వాళ్లకు జియో ట్యాగ్ కావాలి. ఫోన్లో జీపీఎస్ కెమెరా యాప్ వేసుకుంటే ఫొటో అడుగున అక్షాంశం, రేఖాంశం, టైముతో సహా పడతాయి. ఒప్పందంలో ఏముందో ఎవరికీ తెలియకపోయినా ఫర్వాలేదు, అది భూగోళం మీద ఎక్కడ జరిగిందో నాలుగు దశాంశ స్థానాల దాకా తెలిస్తే చాలు.

ప్రెస్ నోట్ ముందురోజే విలేకరికి పంపెయ్యండి. చివరి వాక్యం ‘విద్యార్థులు హర్షం వ్యక్తం చేశారు’ అని ఉండాలి. విద్యార్థులకు ఆ రోజు ల్యాబ్ ఇంటర్నల్ ఉన్నా సరే.

3. ఒక్క గెస్ట్ లెక్చర్‌తో ఏడు ఒప్పందాలు బతికించండి.

ఇక్కడొక చిక్కుంది. న్యాక్‌కు ఒప్పందాల కాపీలు పెడితే సరిపోదు. వాటి కింద ఏ సంవత్సరం ఏం చేశారో కూడా చూపించమంటారు. ఇది కాలేజీల మీద అపనమ్మకం తప్ప మరేమీ కాదు. అయినా మందుంది. ఏడాదికోసారి ఒక వక్తను పిలవండి. భోజనాలయ్యాక, రెండు గంటలకు పెట్టండి. హాలు నిండకపోతే సివిల్ సెకండియర్ వాళ్లను తోలండి, అంశం మెషీన్ లెర్నింగ్ అయినా నష్టం లేదు, నిద్ర అందరికీ ఒకటే. ఇద్దరు పిల్లలకు ప్రశ్నలు ముందే రాసివ్వండి. ఆ ఒక్క గంటనే అతిథి ఉపన్యాసం, వర్క్‌షాప్, కెరీర్ గైడెన్స్, ఫ్యాకల్టీ డెవలప్‌మెంట్, ఆంత్రప్రెన్యూర్‌షిప్ అవగాహన అంటూ ఏడు రిపోర్టులుగా రాసుకోండి. కోణం మార్చి ఫొటోలు తీయించడం మరవకండి. ఫీడ్‌బ్యాక్ ఫారాలన్నీ ‘ఎక్సలెంట్’ అని నింపితే అనుమానం వస్తుంది, మధ్యలో రెండు ‘గుడ్’లు పడాలి.

4. సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్ తెరవండి. తెరిచిన రోజు సాయంత్రమే మూసెయ్యండి.

కంపెనీ ఒక సీఎన్‌సీ మెషీన్ ఇచ్చిందనుకుందాం. రిబ్బన్ కత్తిరింపు అయ్యాక దాని మీద పాలిథిన్ కవర్ కప్పండి. విద్యార్థి ముట్టుకుంటే అరుగుతుంది, అరిగితే స్టాక్ వెరిఫికేషన్‌లో ప్రశ్నలొస్తాయి. త్రీఫేజ్ కనెక్షన్ అడక్కండి, ఆపరేటర్‌ను అసలే అడక్కండి. తాళంచెవి హెచ్‌ఓడీ గారి బీరువాలో, బీరువా తాళంచెవి హెచ్‌ఓడీ గారి ఇంట్లో ఉండాలి. ఏడాదికోసారి ఆయుధపూజకు మాత్రం కవర్ తీసి, కంట్రోల్ ప్యానెల్‌కు గంధం బొట్లు పెట్టి, చక్‌కు బంతిపూల దండ వేసి, గుమ్మడికాయ కొట్టండి. ఎమర్జెన్సీ స్టాప్ బటన్ ఎర్రగా ఉంటుంది కనుక కుంకుమ దాని మీద పెడితే కనబడదు, పక్కన పెట్టండి. పదేళ్లయినా మెషీన్ కొత్తగా మెరుస్తుంటే, ఆ ఘనత మీదే.

5. ఇంటర్న్‌షిప్ అంటే సర్టిఫికెట్ అని అర్థం చేసుకోండి. మిగతా చిట్కాలు మరిచినా ఇది మరవకండి.

ఆంధ్రప్రదేశ్‌లో 2020–21 నుంచి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. ఊళ్లో చూస్తే రెండు రైస్ మిల్లులు, ఒక పాల చిల్లింగ్ సెంటర్, నాలుగు మెడికల్ ఏజెన్సీలు ఉంటాయి. పిల్లలేమో వందల్లో ఉంటారు. వీళ్లందరినీ మిల్లుకు పంపితే కరెంటు బిల్లు ఎలా లెక్కేస్తారో, తేమ శాతం ఎందుకు చూస్తారో, బ్యాంకు అప్పు ఎలా తిరుగుతుందో కామర్స్ పిల్లలు నిజంగా నేర్చుకుని కూర్చుంటారు. తిరిగొచ్చి మనల్ని ప్రశ్నలడుగుతారు. అందుకే ఆన్‌లైన్ దారి పట్టించండి. డబ్బు కడితే ఈమెయిల్‌కు సర్టిఫికెట్ పంపే చోట్లకు కొదవ లేదు. పని మొదలుకాకముందే పూర్తయినట్టు చేతికొచ్చే వస్తువు లోకంలో ఇదొక్కటే.

మెకానికల్ కుర్రాడికి ‘ఫుల్ స్టాక్ డెవలప్‌మెంట్’ సర్టిఫికెట్ వచ్చిందని వాళ్ల నాన్నగారు ఆశ్చర్యపోతే, “ఇప్పుడన్నీ ఇంటర్‌డిసిప్లినరీ అండీ” అనండి.

లాగ్‌బుక్ సంగతి విద్యార్థికి వివరంగా చెప్పండి. రోజూ రాస్తే సిరా ఒకటే రంగులో ఉండదు కదా? కాబట్టి చివరి రాత్రి మూడు పెన్నులు దగ్గర పెట్టుకుని కూర్చోవాలి. మొదటి వారం ‘కంపెనీ పరిచయం’, రెండో వారం ‘కంపెనీ పరిచయం కొనసాగింపు’. ఆదివారాలు, సంక్రాంతి చూసుకుని వదలమనండి. పండగ నాడు పొద్దున తొమ్మిదింటికి ‘టీమ్ మీటింగ్’ రాసినవాడొకడు దొరికిపోతాడు, ఎప్పుడూ.

కంపెనీవాళ్లు కూడా ఈ చిట్కాలు చదువుతుంటే వాళ్లకో మాట. మీ దగ్గరికి పిల్లల్ని అప్రెంటిస్ చట్టం కింద తీసుకోకండి. డిగ్రీ చదివినవాడికి నెలకు కనీసం తొమ్మిది వేలు స్టైపెండ్ ఇవ్వాలని 2019 నిబంధనల్లో పెట్టారు. సగం ప్రభుత్వం భరిస్తుంది నిజమే, కానీ దానికి పోర్టల్ తెరిచి ఫారం నింపాలి. ఎవరికుంది ఓపిక? అదే ‘ఇంటర్న్’ అంటే మీరివ్వక్కర్లేదు, వాడే మీకిస్తాడు. వచ్చినవాణ్ని ఎక్సెల్ షీట్ల ముందు కూర్చోబెట్టండి. మధ్యాహ్నం టీ తెమ్మనండి. నెలాఖరున ‘టీమ్ ప్లేయర్’ అని రాసివ్వండి.

6. మేజర్ ప్రాజెక్టు కొనిపించండి. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల బేస్ పేపర్, కోడ్, డాక్యుమెంటేషన్, పీపీటీ కలిపి ఇస్తారు, ఒక పూట వివరించి మరీ పంపుతారు. వైవాలో ఎక్స్‌టర్నల్ “ఇందులో నువ్వేం చేశావమ్మా?” అంటే నలుగురు బ్యాచ్‌మేట్లూ ఒకేసారి “డాక్యుమెంటేషన్ సార్” అనకుండా చూడండి. ఒకడు ‘టెస్టింగ్’ అనాలి.

7. పరిశ్రమ పెద్దల్ని ఫ్యాకల్టీలోకి తీసుకోండి, బంధుత్వం చూసుకుని.

‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ అని 2022లో యూజీసీ ఒక మంచి దారి తెరిచింది. పీహెచ్‌డీ అక్కర్లేదు, తన రంగంలో పదిహేనేళ్ల అనుభవం ఉంటే చాలు. మంజూరైన పోస్టుల్లో పది శాతం దాకా ఇలా నింపుకోవచ్చు. కర్మాగారంలో జీవితం గడిపిన ఫోర్‌మన్‌ను తెచ్చి పిల్లల ముందు నిలబెట్టాలని యూజీసీ వాళ్ల ఊహ. పాపం, మేనేజ్‌మెంట్ల గురించి వాళ్లకు తెలియదు. చైర్మన్ గారి బావమరిది పదిహేనేళ్లుగా జిరాక్స్ సెంటర్ నడుపుతున్నాడు కదా? ప్రింటింగ్ టెక్నాలజీ.

8. పేటెంట్లు పండించండి. ఈ చిట్కాకు కాస్త చదువు కావాలి, అయినా నేర్చుకోదగ్గది. మామూలుగా దరఖాస్తు పెట్టిన పద్దెనిమిది నెలలకు గానీ పేటెంట్ ఆఫీసు దాన్ని ప్రచురించదు. ఫారం 9 పెట్టుకుంటే త్వరగా ప్రచురిస్తుంది. 2021 నుంచి విద్యాసంస్థలకు ఫీజు ఎనభై శాతం తగ్గించారు కూడా. ఫారం 9 పెట్టండి, పరీక్షించమని అడిగే ఫారం 18 మాత్రం పెట్టకండి. పరీక్షిస్తే అందులో ఏమీ లేదని తేలిపోతుంది. గడువు దాటాక దరఖాస్తు దానంతటదే పోతుంది, అప్పటికి ‘పేటెంట్ పబ్లిష్డ్’ అని ఫ్లెక్సీ వేసి రెండేళ్లయి ఉంటుంది. ఒక్కో దరఖాస్తులో ఎనిమిది మంది ఆవిష్కర్తలు, వాళ్లలో ఒకరు కంపెనీ మనిషి ఉంటే అది ఉమ్మడి పరిశోధన కూడా అవుతుంది.

9. బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో పరిశ్రమ ప్రతినిధి ఒకరుండాలని అటానమస్ కాలేజీల నియమం. ఉండనివ్వండి. మీటింగ్ ముందురాత్రి పదకొండింటికి సిలబస్ పీడీఎఫ్ వాట్సాప్ చెయ్యండి. మినిట్స్ అంతకుముందే టైప్ చేయించి ఉంచుకోండి. పొద్దున ఆయన లేచి “ఈ సాఫ్ట్‌వేర్ ఇప్పుడెవరూ వాడట్లేదండీ” అంటే నొచ్చుకోకండి, “తప్పకుండా సార్, వచ్చే రెగ్యులేషన్‌లో చూద్దాం” అనండి. ఆర్20 సిలబస్‌లో అడిగింది ఆర్23 సిలబస్‌లో చూద్దామనండి.

10. చెడు సావాసాలకు దూరంగా ఉండండి.

అమెరికాలో సిన్సినాటి విశ్వవిద్యాలయంలో హెర్మన్ ష్నైడర్ అనే ఇంజినీరింగ్ మాస్టారు 1906లో ఇరవై ఏడుగురు కుర్రాళ్లను ఒక వారం క్లాసులో, ఒక వారం ఫ్యాక్టరీలో పెట్టి చదివించాడు. ఆ జబ్బు ప్రపంచమంతా పాకింది. మన దేశంలో పిలానీ బిట్స్ 1973లో ప్రాక్టీస్ స్కూల్ మొదలుపెట్టింది. విద్యార్థుల్ని నెలల తరబడి పరిశ్రమలో ఉంచడమే కాదు, వాళ్ల పని చూడడానికి అధ్యాపకుల్ని కూడా అక్కడికి పంపే పద్ధతి. అధ్యాపకుల్ని! గమనించారా ప్రమాదం? బ్రిటన్‌లో 1975 నుంచి ఒక పథకం నడుస్తోంది, 2003లో దాని పేరు మార్చారు. కంపెనీకి నిజంగా ఉన్న సమస్య ఒకటి తీసుకుని, దాని మీద ఒక పట్టభద్రుణ్ని కంపెనీలోనే కూర్చోబెట్టి, యూనివర్సిటీ ప్రొఫెసర్‌తో వెనకనుంచి నడిపిస్తారు. ఆ ప్రొఫెసర్ మధ్యమధ్యలో ఫ్యాక్టరీకి వెళ్లాలట. మన యూనివర్సిటీలో ఈ మాట ఎవరైనా ఎత్తితే “మన పరిస్థితులు వేరు” అని వెంటనే అనండి. ఎలా వేరో అడిగే అలవాటు ఎవరికీ లేదు.

11. నిజంగా అవసరం ఉన్న కంపెనీ వస్తే ధైర్యం కోల్పోకండి.

ఇది అరుదే, అయినా సిద్ధంగా ఉండాలి. ఒకరోజు ఆటోనగర్ నుంచి ట్రాలీ బాడీలు కట్టే షెడ్డు యజమాని ఒకాయన నేరుగా మీ గదికి వస్తాడు. చేతికి గ్రీజు ఉంటుంది. న్యూస్ పేపర్లో చుట్టిన ఇనుప ముక్క టేబుల్ మీద పెట్టి, “మాస్టారూ, ఈ వెల్డింగ్ ఆరు నెలలకే ఇక్కడే పగులుతోంది. ఎందుకో మీవాళ్లు చూసి చెబుతారా? మెకానికల్ పిల్లల్ని నలుగుర్ని పంపండి, పని నేను నేర్పిస్తాను, భోజనం మా ఇంట్లోనే” అంటాడు. కంగారు పడి ఒప్పుకోకండి. ముందు లెటర్‌హెడ్ మీద రాసివ్వమనండి. కంపెనీ ప్రొఫైల్, జీఎస్టీ నంబరు, మూడేళ్ల బ్యాలెన్స్ షీట్లు, వెబ్‌సైట్ ఉందో లేదో అడగండి. “మాకు వెబ్‌సైట్ లేదండీ, షెడ్డుంది” అంటాడు. అయ్యో అనండి. కమిటీ వచ్చే సెమిస్టర్లో కూర్చుంటుందనీ, చైర్మన్ గారు విదేశాల్లో ఉన్నారనీ చెప్పండి.

ఎలాగూ వచ్చారు కాబట్టి ఆయన గేటు దాటేలోపు ఒక శాలువా కప్పి ఫొటో తీయించండి. రిజిస్టర్లో ‘ఇండస్ట్రీ ఎక్స్‌పర్ట్ విజిట్’ అని రాసుకోండి. ఆ పగిలిన ముక్క తిరిగివ్వకండి. సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్‌లో అద్దాల బీరువా ఖాళీగానే ఉంది, అందులో పెట్టి కింద ‘రియల్ టైమ్ కేస్ స్టడీ’ అని లేబుల్ అంటించండి.