ఆ పిల్ల మాట లేని నివేదిక

సహాయం కోరి వచ్చిన మనిషి నిర్ణయం ఆ మనిషిదే. సోషల్ వర్క్‌కు ఫెలిక్స్ బీస్టెక్ 1957లో చెప్పిన ఏడు సూత్రాల్లో ఇదొకటి. సోషల్ వర్క్ డిగ్రీ (బీఎస్‌డబ్ల్యూ) మొదటి ఏడాది పరీక్షలో దీని మీద పేజీలు నింపి మంచి మార్కులే తెచ్చుకున్నాను. ఆ ఏడాదే హైదరాబాద్‌లోని ఒక బస్తీలో, ఫీల్డ్‌వర్క్ పేరుతో, అదే సూత్రాన్ని తొక్కేశాను.

బడి మానేసిన 12 ఏళ్ల పిల్ల కనిపించింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 14 ఏళ్ల వరకు ఎవరికైనా వయసుకు తగిన తరగతిలో చోటివ్వాలంటుంది. చట్టమే ఉండగా ఇంకెవరిని అడగాలి అనుకున్నాను. చంకలోని తమ్ముణ్ణి పక్కింటి అవ్వకు అప్పగించి, పిల్లను సర్కారు బడికి తీసుకెళ్లి పేరు రాయించాను. ఆ సాయంత్రం నివేదికలో ‘లక్ష్యం నెరవేరింది’ అని రాశాను.

కొన్నాళ్లకే పిల్ల బడికి పోవడం ఆగిపోయింది. నాకు బాధ కలగలేదు, తల్లి మీద కోపం వచ్చింది. వెళ్లి నిలదీశాను.

“చిన్నోన్ని ఎవరు జూస్తరమ్మా? నువ్వు జూస్తవా?” అందామె.

ఆమె అడ్డా కూలీ. తెల్లారేసరికి అడ్డా మీద నిలబడకపోతే ఆ రోజు పని లేనట్టే. చంటివాడితో వస్తే మేస్త్రీ పిలవడు. వాడికింకా మూడేళ్లు నిండలేదు. అంగన్‌వాడీలో పూర్వ ప్రాథమిక తరగతి మూడేళ్లు దాటినవాళ్లకే. అంతకన్నా చిన్నవాళ్లకు ఇంటికి పోషకాహారం ఇస్తారు, తూకం వేస్తారు, కానీ రోజంతా చూసుకోరు. 1975లో మొదలైన, అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్ పథకం గురించి ఇవన్నీ నేను చదివినవే. చదివింది ఆ గుమ్మంలో ఎందుకు గుర్తు రాలేదన్నది నన్ను ఇప్పటికీ వదలని ప్రశ్న.

నా నివేదిక చదివిన సూపర్‌వైజర్ మేడమ్ ఒక్కటే అడిగారు: “ఇందులో ఆ పిల్ల ఏమందో ఎక్కడుంది?” వెతికాను. నేనన్నది ఉంది, హెడ్మాస్టరన్నది ఉంది. పిల్లది ఒక్క మాటా లేదు. ఆ రోజు నుంచి ప్రాసెస్ రికార్డింగ్ మళ్లీ నేర్చుకున్నాను: ఎదుటివాళ్లు అన్నది అన్నట్టు, ఆ క్షణాన నా లోపల కదిలింది దాచకుండా.

మన దేశంలో సోషల్ వర్క్ చదువు 1936లో ముంబైలో, నాగ్‌పాడా పేదల మధ్య క్లిఫర్డ్ మాన్‌షార్ట్ చేసిన పని నుంచి పుట్టింది. బస్తీ ముందు, బడి తర్వాత. అందుకే సూపర్‌వైజర్ విద్యార్థిని ఎదురుగా కూర్చోబెట్టుకుని నివేదిక చదివే ఆ గంటే అసలు తరగతి అంటాను. ఒక్క అధ్యాపకురాలికి లెక్కకు మించి విద్యార్థుల్ని అప్పగించిన చోట మొదట పోయేది ఆ గంటే. డిగ్రీ చేతికొస్తుంది, నాలాంటివాళ్లు దిద్దుబాటు లేకుండానే బస్తీల మీదికి వెళ్తారు. ఇది నన్ను నిజంగా భయపెడుతుంది.

తర్వాతి వారం ఆ తల్లినే అడిగాను, ఏం చేస్తే బాగుంటుందని. బస్తీలో మూడేళ్లలోపు పిల్లలున్న ఇళ్లన్నీ రాసుకురమ్మంది. పనికిపోయే ఆడవాళ్లంతా కలిసి పిల్లల్ని చూసే ఇల్లొకటి అడుగుదామంది. మా బృందం ఆ ఏడాది మిగిలిన ఫీల్డ్‌వర్క్ అంతా ఆ జాబితా మీదే చేసింది.