డిజైనరన్న సైటు మళ్లీ వస్తోంది

క్యాసంబళ్ళి డిజైనరన్న సైటు మళ్లీ వస్తోంది. వాట్సాప్ స్టేటస్‌లో నల్లటి తెర, మధ్యలో చిన్న తెల్ల చుక్క, కింద ‘త్వరలో’ అని ఒక మాట. దీనికి ముందు ఇంకో ‘త్వరలో’ ఉండేది. దానికీ ముందుది కరోనా కాలం నాటిది. సైటులో ఏది మారినా ఈ మాట మారలేదు. అతని సృష్టిలో కాలానికి నిలిచింది అదొక్కటే.

ఇలాంటివాడు ఇప్పుడు మా కర్ణాటకలో ప్రతి హోబళిలోనూ, అంటే ప్రతి ఊళ్ల గుంపులోనూ, ఒకడుంటాడు. నల్ల టీషర్టు, గుండ్రటి కళ్లద్దాలు, ల్యాప్‌టాప్ మూత నిండా స్టిక్కర్లు. కొన్నాళ్లు పొద్దున్నే బంగారుపేటలో రైలెక్కి బెంగళూరు పోయి, ఏదో ఆప్‌లో బటన్ల మూలలు గుండ్రంగా చేసి, రాత్రికి ఇల్లు చేరినవాడు. ఆ రైల్లో మిగతావాళ్లకు నడుం నొప్పి వచ్చింది, ఇతనికి దృక్పథం వచ్చింది. లాక్‌డౌన్‌లో ఊరికొచ్చి, పాత డీటీపీ అంగడి తీసుకుని, బోర్డు మీద ‘స్టూడియో’ అని రాయించాడు. లోపల జెరాక్సు మిషను మాత్రం ఉన్నచోటే ఉంది. అద్దె కట్టేది అదే కాబట్టి దాన్ని కదిపే ధైర్యం ఎవరికీ లేదు.

అన్నం పెట్టేవి ఫ్లెక్సులు, పెళ్లి కార్డులు, టమాటా మండీల బిల్లుబుక్కులు. ప్లాస్టిక్ ఫ్లెక్సులను కర్ణాటక ప్రభుత్వం 2016లోనే నిషేధించింది గానీ, ఆ కబురు లీడర్ల పుట్టినరోజులకు ఇంకా చేరలేదు. ఫ్లెక్సుకు డబ్బు చదరపు అడుగు లెక్కన. కట్టిన ప్రతి అడుగులోనూ ఏదో ఒకటి ఉండాలని కట్టినవాడు అనుకోవడం న్యాయమే. “ఇంత ఖాళీ ఉండాది కదప్పా, మా బామ్మర్ది ఫోటో వెయ్యి” అంటాడు. బామ్మర్ది పడతాడు. ఎమ్మెల్యే తల ఎంతుండాలి, పంచాయతీ మెంబరు తల అందులో ఎన్నో వంతుండాలి, పడని మెంబర్లిద్దరూ ఒకే ఫ్లెక్సులోకి వస్తే ఎవరి మీసం ఎవరికంటే పైనుండాలి, ఇవన్నీ అతనికి కళ్లు మూసుకున్నా తెలుసు. ఒక తల అరంగుళం తగ్గితే సాయంత్రానికి అంగడి ముందు బళ్లు ఆగుతాయి. పైగా బేతమంగళం బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాడు, బస్సు దాటేలోగా అంతా చదివేసి ఎవరికి ఎవరు శుభాకాంక్షలు చెప్పారో గ్రహించాలి. గ్రహిస్తాడు కూడా. అయితే ఇదేదీ డిజైన్ కాదని మా అన్న గట్టి నమ్మకం.

డిజైన్ అంటే సైటులో ఉండేది. అక్కడ డెన్మార్కులో ఎవరూ తెరవని కాఫీ అంగడికి లోగో ఉంటుంది. ఎన్నడూ ఎగరని విమాన సంస్థకు బోర్డింగ్ పాసు ఉంటుంది. హోబళి అంతా కరెంటు స్తంభాల మీద గాలికి ఊగే అతని పనుల్లో ఒక్కటంటే ఒక్కటీ కనిపించదు.

మల్బరీ పెంచే తండ్రికి ఒకసారి చెప్పి చూశాడు.

“నాయనా, రేపు నా సైటు లాంచ్.”

“యాడప్పా? ముప్పై నలభయ్యా? ఖాతా అయిందా?”

ల్యాప్‌టాప్ తిప్పి చూపించాడు. పెద్దాయన తువ్వాలుతో కళ్లు తుడుచుకుని మరీ చూశాడు.

“ఇంత నేల బీడు పెట్టి, మూలన ఒక్క సాలేసినావే!”

“అది వైట్ స్పేస్ నాయనా. స్విట్జర్లాండ్‌లో అట్లనే చేస్తారు.”

“వాళ్లకు వాన పడతాది లేప్పా.”

పాత వెర్షన్ల చరిత్ర క్లుప్తంగా చెబుతాను. 2018 చివర్లో కేజీఎఫ్ సినిమా రాగానే సైటంతా నలుపూ బంగారమూ అయింది. మా పక్కనున్న అసలు కేజీఎఫ్ బంగారు గనులు 2001 ఫిబ్రవరిలోనే మూతపడ్డాయి. మూడు కిలోమీటర్లు దాటి లోపలికి దిగాక, బంగారం తీసే ఖర్చు బంగారం ధరను మించిపోయింది. ఆ లెక్క సైటుకు కూడా వేసి చూడమని చెప్పేవాళ్లు అతనికి లేరు. తర్వాత బంగారు రంగు చవకబారుగా తోచి, గనులు వదిలేసిన సైనైడ్ మట్టి దిబ్బల మీద మనసు పడింది. మిట్టమధ్యాహ్నం ఎండలో వాటిని ఫోటో తీసి, అందులోంచి రంగు లాగి సైటంతా పరిచాడు. చూసినవాళ్లందరూ “ఇంకా లోడ్ కాలేదా?” అని అడిగారు.

ఇప్పుడు వచ్చేది తెలుగు వెర్షన్. ఈ తట్టు చాలా ఇళ్లలో తెలుగు, బడిలో కన్నడ, గని కాలనీల్లో తమిళం. పెళ్లి కార్డు కన్నడలో అచ్చవుతుంది, అందులో పేరు లేని చిక్కప్ప గొడవ మాత్రం తెలుగులో జరుగుతుంది. మా అన్న కూడా తెలుగు కూడబలుక్కునే చదువుతాడు. అయినా పట్టు వదల్లేదు. గూగుల్ ఫాంట్స్‌లో శ్రీకృష్ణదేవరాయలు, పెద్దన, తిమ్మన, ధూర్జటి, రామభద్రుడు, తెనాలి రామకృష్ణుడు పేర్లతో ఉచిత ఫాంట్లున్నాయి. అన్నీ దింపుకుని అంగట్లో భువనవిజయం నడిపాడు. ఒక్కొక్కరి చేతా ‘క్యాసంబళ్ళి’ అని రాయించాడు. రామభద్రుడు మరీ లావు, అచ్చం ఫ్లెక్సులా ఉందని వాకిట్లోంచే పంపేశాడు.

చిక్కంతా ఊరి పేరులో ఉంది. ఇంగ్లీషు కోసం చేసిన టెంప్లేట్‌లో వరుసల మధ్య ఎడం తక్కువ. ‘ళ్ళి’ కింది ఒత్తు జారి, కింది వరుస గుడుల మీద కూర్చుంది. ఎడం పెంచాలని అతనే కనిపెట్టాడు, పెంచాడు. దీనికి మాత్రం నిజంగా మెచ్చుకోవాలి. పెద్దపెద్ద సంస్థల తెలుగు సైట్లలో కూడా ఒత్తులు తెగి, కాళ్లు లేని అక్షరాలు కనిపిస్తుంటాయి.

‘నా గురించి’ పేజీ ఇంకా బాగుంది. 1947లో మైసూరు రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయిన కె.సి. రెడ్డిది ఈ ఊరే. కె.సి. అంటే క్యాసంబళ్ళి చెంగలరాయ. ‘ఊరినంతా ఒక్క అక్షరంలోకి కుదించిన తొలి మినిమలిస్టు’ అని ఆయన్ను పొగిడి, రెండోవాడు ఎవరో పాఠకుల ఊహకు వదిలేశాడు.

లాంచ్‌కు వాళ్లమ్మ రాహుకాలం చూసింది. కమ్మసంద్ర కోటిలింగేశ్వరుడికి టెంకాయ కొట్టి వచ్చి, ల్యాప్‌టాప్‌కు పసుపు రాసి, తెర బోసిగా ఉందని నట్టనడుమ ఇంత కుంకుమ బొట్టు పెట్టింది. అన్న ఒక్క క్షణం అదిరిపడ్డాడు. తర్వాత రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకు వంచి చూసి, తర్వాతి వెర్షన్ కోసమని నోట్ చేసుకున్నాడు.

మొదటి గంటలో సైటు చూసినవాళ్లలో ఎక్కువమంది అతనే, వేరువేరు ఫోన్లలో. సాయంత్రానికి టమాటా మండీ యజమాని అంగడికి దిగాడు.

“సైటు చూసినానప్పా, బాగుండాది. నీ నంబరే యాడా కనపడ్లేదే?”

ఉంది. మూలనున్న సన్న బాణం మీద వేలు పెట్టి కాసేపు ఆగితే, బూడిద రంగులో తేలుతుంది. మండీలో బాణాల మీద వేలు పెట్టి ఆగే తీరిక ఎవరికుంటుంది? మరో ముగ్గురు అదే మాట అడిగాక, రాత్రి తలుపేసుకుని రామభద్రుణ్ణి వెనక్కి పిలిపించాడు. తెల్లారేసరికి సైటు నెత్తిన ఎర్రటి అక్షరాలు, పసుప్పచ్చ అంచు, ఫోన్ నంబరు.

పొద్దున్నే మండీ యజమాని ఫోన్.

“ఇప్పుడు కదప్పా సైటంటే! ఆ పక్కన ఇంకా జాగా ఉండాది. శనివారం మావాడి పుట్టినరోజు, ఫోటో పంపించేదా?”