ఇంజన్ విప్పకుండ బలమా?

మా రోజుల్ల నల్లగొండ గడియారం సెంటర్ దగ్గరి షెడ్డుల లారీ ఇంజన్ విప్పితే పదిహేను రోజులు పట్టేది. సిలిండర్లు బోరింగ్ చేయించి, కొత్త పిస్టన్లు, రింగులు వేసి, హెడ్డు బిగించినంక గూడ "వెయ్యి కిలోమీటర్ల దాక మెల్లగ నడుపు అన్నా, లోడ్ తక్కువెయ్యి" అని చెప్పి పంపేటోళ్లం. అంబాసిడర్ల శ్రీశైలం పోయొచ్చేటోళ్లు కృష్ణ వంతెన దాటి ఘాటు ఎక్కినంక దోమలపెంటల ఆపి, రేడియేటర్ చల్లబడ్డంకనే కదిలేది. ఇంజన్ ఎంత మోస్తదో అంతే అడిగేది.

ఇప్పటి పోరగాండ్లకు ఆ ఓపిక లేదు. మొన్న ఎండాకాలం మా బంధువుల పిల్లగాడు పాత పెట్రోల్ కారుకు సూపర్‌ఛార్జర్ కట్టించుకొచ్చి చూపిచ్చిండు.

"లోపల ఏమన్న మార్చిన్రా బిడ్డా?"

"అక్కర్లేదు తాతా, పైన బిగిస్తే చాలు."

నెల తిరగలే. నార్కట్‌పల్లి దాటంగనే పొగ కక్కి ఆగింది. విప్పి చూస్తే మూడో పిస్టన్ల రింగుల నడిమి గట్టు పలిగి ఉన్నది. నా కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. నిక్షేపం లాంటి ఇంజన్ అది.

సూపర్‌ఛార్జర్ అంటే క్రాంక్ నుంచి బెల్టుతోని తిరిగే గాలి పంపు. అర బార్ ఎక్కువ ఊదితే సిలిండర్లకు దగ్గర దగ్గర ఒకటిన్నర వంతు గాలి పోతది. దానికి తగ్గ పెట్రోల్ పాత పంపు, పాత ఇంజెక్టర్లు యాడికెల్లి తెస్తయ్? పైంగ గాలిని ఒత్తితే వేడెక్కుతది, బయట మన 44 డిగ్రీల ఎండ. ఆ వేడికి ప్లగ్గు మంట చేరకముందే మిగిలిన పెట్రోల్ తనంతట తానే అంటుకొని పిస్టన్ మీద సుత్తెతోని మోదినట్టు మోదుతది. అదే నాకింగ్. సైలెన్సర్ మోతల ఆ చప్పుడు చెవిన గూడ పడది.

కంపెనీలకు ఇది తెల్వదా? టయోటా 86ల సుబారు రెండు లీటర్ల ఇంజన్‌కు కంప్రెషన్ 12.5. అదే వంశం ఇంజన్‌కు డబ్ల్యూఆర్ఎక్స్ కారుల టర్బో పెట్టేటప్పుడు సుబారే దాన్ని 10.6కు దించింది. చేసినోళ్లే దించినంక, మనం లోపల చెయ్యి పెట్టకుండ ఊదుడేంది?

మోజుంటే పెట్టుకోండ్రి, వద్దన. ముందుగాల గేజీ పెట్టి నాలుగు సిలిండర్ల కంప్రెషన్ చూడుండ్రి. ఫోర్జ్‌డ్ పిస్టన్లు, పెద్ద ఇంజెక్టర్లు, ఇంటర్‌కూలర్, సరైన ట్యూనింగ్, ఇవన్నీ అయినంకనే బెల్టు ఎక్కించుండ్రి.